చక్రవర్తిగారి పటంతో ఆలూరు దాకా

ఐదేళ్ల కిందట నేను చక్రవర్తిగారిని కంబళిలో చుట్టి కడప నుంచి ఆలూరు తాలూకాకు మోసుకుపోయాను. దారిలో ఆయన అద్దం పగిలింది, నా పరువు కూడా కొంత పగిలింది. తిరిగి వచ్చాక ఆ సంగతులన్నీ రాసి మా క్రైస్తవ సంఘం పత్రికకు పంపితే, సంపాదకులు చదివి బాగా నవ్వుకుని, యుద్ధం అయ్యాక వేద్దామని భద్రంగా తిప్పి పంపారు. యుద్ధం అయిపోయింది. ఈ దేశంలో చక్రవర్తిగారి పనీ అయిపోయింది. ఇక ఆయన మీద ఏం రాసినా ఎవరూ పట్టుకుపోరని రూఢి చేసుకున్నాక నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఆ ధైర్యంతోనే రాస్తున్నాను.

కడప

పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రతి బడిలోనూ చక్రవర్తిగారి పటం ఉండాలి. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున దానికి పూలదండ వేయాలి. వాద్యం మోగగానే పిల్లలంతా పటానికి తల వంచి వందనం చేయాలి. ఆ తర్వాత ‘దొరతనం వారి వల్ల మనకు కలిగిన పన్నెండు మేళ్లు’ అనే పాఠాన్ని ఏకకంఠంగా అప్పజెప్పాలి. అన్నం తినని పిల్లవాడు కూడా ఈ పాఠం అప్పజెప్పాల్సిందే, అందుకు మినహాయింపు లేదు.

మా మిషన్ బడులన్నీ సరేనన్నాయి. ఆలూరుకు అవతల ఒక మెట్ట పల్లెలో ఉన్న ఏకోపాధ్యాయ పాఠశాల ఒక్కటే కాదంది. అక్కడి టీచరు రూతమ్మ ఇలా రాసింది: “లేచి నిలబడతాము. రాజుగారి కోసం ప్రార్థన చేస్తాము. పటానికి మాత్రం తల వంచము. పైగా మా బడిలో పటం లేదు.” మా ఆఫీసువారు ఉత్తరమంతా చదివి, ఇందులో చివరి వాక్యం ఒక్కటే ముఖ్యమని తేల్చి, పటం కొన్నారు.

నా చేతికి రెండు వస్తువులు ఇచ్చారు. ఒకటి, మూరన్నర ఎత్తున్న ఆ పటం. రెండోది, ఒక కాగితం. పిల్లలు వందనం చేయకపోతే రూతమ్మను పనిలోంచి తీసేశామని, బడి మూసేశామని అందులో ముందే రాసి సంతకం చేసి ఉంది. ఆమె స్థానంలోకి వెళ్లేవాళ్లు ఎవరూ లేరు. ఆ ఊరికి వెళ్తానని అడిగి వెళ్లినది ఆమె ఒక్కతే.

నన్నే ఎందుకు పంపారంటే, ట్రైనింగు క్లాసులో ఆమెకు బైబిలు వాక్యం బోధించిన ఉపదేశిని నేనే. బబులోను రాజు బంగారు ప్రతిమ కథ కూడా నేనే చెప్పాను. వాద్యాలు మోగగానే జనమంతా ప్రతిమకు సాగిలపడటం, ముగ్గురు యువకులు మాత్రం నిటారుగా నిలబడటం, వాళ్లను మండే కొలిమిలో పడేయటం, దేవుడు వాళ్లను కాపాడటం. ఆ పాఠం నేను ఎంత బాగా చెప్పేవాణ్ణంటే, వినేవాళ్ల కళ్లలో నీళ్లు తిరిగేవి. వాళ్లలో ఒకరు నిజంగా నమ్మి ఆచరిస్తారని మాత్రం నేను ఊహించలేదు.

మైదుకూరు

పెట్రోలు యుద్ధానికి పోయింది కాబట్టి మా బస్సు బొగ్గు మీద నడిచేది. వెనకాల ఇనుప పీపా, అందులో నిప్పులు, దాన్ని విసరడానికి ఒక మనిషి. పుట్టి బుద్ధెరిగి ఇంత నల్లగా నేను ఎప్పుడూ లేను.

కండక్టరు ఖాదరు నా కంబళి మూటను తట్టి చూశాడు. “ఏముండాది అయ్యగారూ దీంట్లో?”

“చక్రవర్తిగారి పటం.”

“కూసుంటాడా, పైకెక్కుతాడా?”

“కూర్చోబెడితే?”

“కూసుంటే టికెట్టు. పైనయితే ఊరికే.”

ఆఫీసువారు నాకు ఒక్క టికెట్టుకే డబ్బులిచ్చారు. చక్రవర్తిగారు పైకెక్కారు. ఉల్లిగడ్డల మూటలకూ కోళ్లగంపకూ నడుమ ఆయనకు చోటు దొరికింది. ఒక మిట్ట దగ్గర బస్సు ఆగిపోతే అందరం దిగి తోశాం. బస్సు ఒక్కసారిగా దూకింది, పైనుంచి ఠప్పుమని శబ్దం వచ్చింది. మైదుకూరులో మూట విప్పి చూస్తే అద్దం మీద కిరీటం మొదలు గడ్డం దాకా ఒక గీత. ఖాదరు వంగి చూసి, “బొమ్మకేం కాలేదులే, అద్దమే,” అని ఓదార్చాడు.

అక్కడ ఒక పూటకూళ్ల హోటల్లో రాగి సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి తిన్నాను. అణాన్నరకు పెట్టే సంగటి ముద్ద యుద్ధంలోకి దిగి రెండణాలై తిరిగొచ్చింది, కాస్త చిక్కి కూడా పోయింది. హోటలాయన సుబ్బన్న మాట్లాడడు. ఏం అడిగినా తల ఊపుతాడు, చేత్తో చూపిస్తాడు. మూగవాడేమో పాపం అనుకున్నాను. లోపల ఉన్న కొడుకు పలక సంచి తగిలించుకుని బడికి బయలుదేరాడు. వాడు వీధి మలుపు తిరగగానే సుబ్బన్నకు మాట వచ్చింది.

“ఏమనుకోవద్దు సామీ. వాడుంటే మేం నోరు ఇప్పం.”

“ఎందుకు?”

“వాళ్ల బడిలో కొత్త పద్ధతి. ఇంట్లో పెద్దోళ్లు యుద్ధం గురించి ఏం మాట్లాడుకున్నారో వారం వారం పుస్తకంలో రాసకపోవల్ల. బాగా రాసినోనికి పెన్సిలు ఇస్తారు. మావోనికి నాలుగు పెన్సిళ్లు వచ్చినాయి. బిడ్డ శానా తెలివైనోడని నేను వీధంతా చెప్పుకున్యా. ఒకనాడు పోలీసాయన వచ్చి, ‘జర్మనీవాడు గెలిస్తే చక్కెర దొరుకుతాదని అన్యావంట కదా సుబ్బన్నా’ అని అడిగినాడు. ఆపొద్దు తెలిసింది ఆ పెన్సిళ్లు యాడివో.”

“ఇప్పుడెలా మరి?”

“నేనూ నా పెండ్లామూ సైగలు చేసుకుంటాండాం. వాడు అదీ రాస్తాండాడేమో.”

పిల్లలను ఇంత శ్రద్ధగా తీర్చిదిద్దే బడి నాకు చాలా నచ్చింది. మా ఆదివారపు బడిలో వాక్యం కంఠతా పట్టినవారికి మేము రంగు బొమ్మ ఇస్తాం. తాగే నాయనను, తగవులాడే అమ్మను గురించి చెప్పినవారికి కూడా ఒక్కోసారి ఇచ్చాం. ఆ సంగతి గుర్తొచ్చింది. వెంటనే సంగటి ముద్దతో దాన్ని కిందికి మింగేశాను.

ద్రోణాచలం

డోన్ అని జనం అంటారు, స్టేషను బోర్డు ద్రోణాచలం అంటుంది, ఎండ మాత్రం రెండింటికీ ఒకటే. నంద్యాల దాకా బస్సులో వచ్చి, అక్కడినుంచి రైల్లో ఈ జంక్షను చేరి, గుంతకల్లు బండి కోసం ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను. టీ అర్ధణా. పాలు తక్కువ, మర్యాద అసలే లేదు.

ప్లాట్‌ఫారం చివర నలభై యాభై మంది పిల్లలు కాగితం జెండాలు పట్టుకుని వరుసగా నిలబడ్డారు. ఏ బడివాళ్లో నేను అడగలేదు. వాళ్ల పంతులు తువ్వాలు నెత్తిన వేసుకుని నీడలో నిలబడ్డాడు.

“ఎవరైనా పెద్దవారు వస్తున్నారా పంతులుగారూ?”

“సిపాయిల రైలంట. పిల్లోళ్లు జేజేలు కొట్టల్లని ఆర్డరు. పొద్దున ఏడింటి నుంచి నిలబెట్టినాం.”

అప్పుడు పన్నెండు కావస్తోంది. ఒక చిన్న పిల్ల కళ్లు తేలేసి కూలబడింది. పంతులు పరుగెత్తి ముందు జెండాను పట్టుకున్నాడు, తర్వాత పిల్లను. ఇంతలో రైలు కూత వినబడింది. పిల్లలు గొంతులు చించుకుని మూడుసార్లు జేజేలు కొట్టారు. తీరా చూస్తే అది బొగ్గు మోసే గూడ్సు. నల్లటి పెట్టెలన్నీ వరుసగా వందనం స్వీకరించి వెళ్లిపోయాయి.

పంతులు నొచ్చుకోలేదు. “పోనీలెండి, ప్రాక్టీసు అయింది,” అన్నాడు.

అసలు రైలు వచ్చింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. ఆగకుండా పోయింది.

నేను ఆ పిల్లలను చూసి జాలిపడలేదు. నేనూ అలాగే పెరిగాను. మా బోర్డింగు బడిలో ప్రతి ఉదయం హార్మోనియం మీద మొదటి మూడు స్వరాలు పలకగానే గోడమీది రాజుగారి పటానికి నడుము దాకా వంగాలి. ఆలస్యమైతే బెత్తం. ఆరేళ్ల నుంచి పదహారేళ్ల దాకా వంగాను. దానివల్ల నాకేమీ కాలేదని, చూడండి ఎంత స్వతంత్రంగా ఆలోచిస్తున్నానో అని, ఆ బెంచీ మీద కూర్చుని నాలో నేను గర్వపడ్డాను. నా ఒళ్లో చక్రవర్తిగారు ఉన్నారు.

ఆలూరు

గుంతకల్లు నుంచి మళ్లీ బొగ్గు బస్సు. ఆలూరు బళ్లారి జిల్లా కిందిది. కన్నడం గాలిలోనే ఉంటుంది. మా కడపలో పొద్దున్నే చద్ది సంగటి మజ్జిగలో పిసికి తాగుతాం, ఇక్కడ ఉగ్గాని పెడతారు. బొరుగులు నానబెట్టి, తాలింపు వేసి, పక్కన మిరపకాయ బజ్జీలు. బజ్జీల కారానికి నా కళ్లలో తిరిగిన నీళ్లు చూసి హోటలామె, “దుడ్లు నిదానంగా ఇద్దువులే, ముందు నీళ్లు తాగప్పా,” అంది. ఆ తాలూకాలో నీళ్లు తాగమనడం చిన్న మర్యాద కాదు.

రూతమ్మ నా కోసం బండి పంపింది. బండి తోలే హనుమప్ప ఆ ఊరి రైతు. హిందువు. అతని పదేళ్ల కూతురు ఈరమ్మ రూతమ్మ బడిలో నాలుగో తరగతి. రెండు పక్కలా ఎండిన కొర్ర చేలు. కంబళి మూటను చూసి అడిగాడు, “ఏం తెచ్చినారు సామీ, బడికి?”

“రాజుగారి పటం.”

“పలకలు తెస్తారేమో అనుకున్యా.” కాసేపు ఎద్దులను అదిలించి మళ్లీ అన్నాడు, “బడి మూస్తారని ఊర్లో అనుకుంటాండారు. నిజమేనా?”

నేను ఆకాశం వైపు చూశాను.

“మొన్న చావడి తలుపుకు తాలూకా కాగితం అంటిచ్చి పోయినారు. భూములు గుంజుకుంటారని ఊరంతా ఏడ్చిరి. మా ఈరమ్మ చదివి, ‘నాయనా, ఇది పశువులకు సూదులేసే కాగితం’ అనె. అంతే, అందరూ ముక్కులు తుడుచుకొని పోయిరి. బడి మూస్తే ఆ బిడ్డ రేపటినుంచి శెనక్కాయలు ఒలిచేకి పోతాది. ఆ మాట మీ పెద్దోళ్లకు చెప్పండి సామీ.”

చెప్తానన్నాను. మా పెద్దవాళ్లు ముందే చెప్పిన మాట నా జేబులో ఉంది.

బడి

మట్టి మిద్దె. ఒకే గది. ముప్పై ఒక్క మంది పిల్లలు. మూలన ఒక హార్మోనియం. గోడకు ఒకే ఒక మేకు, దానికి బైబిలు కథల బొమ్మల చుట్ట వేలాడుతోంది. రూతమ్మ పాఠానికి ఒక బొమ్మ చొప్పున తిప్పి కథ చెబుతుంది. గోడమీద బొమ్మ కనిపిస్తే అది ఏ కథో చెప్పడం ఆ పిల్లలకు అలవాటు.

ఆమె నాకు కొర్రన్నం, పప్పు పెట్టింది. నేను తిన్నంతసేపూ లేఖనాలు వినిపించాను. అధికారులకు లోబడాలి కదమ్మా. రాజును సన్మానించాలి కదమ్మా. ఆమె మజ్జిగ పోసింది.

“సన్మానిస్తాం అయ్యగారూ. మేకు ఖాళీ చేసి పటం కడతా. దండ కూడా వేస్తా. తల మాత్రం వంచం.”

“పిల్లలకు వంచొద్దని చెప్పావా?”

“చెప్పలేదు.”

“వంచమని?”

“అదీ చెప్పలేదు. కథ చెప్పినా. మీరు మాకు చెప్పినారు కదా, అట్లనే.”

కాగితం అప్పుడే ఇచ్చేయవలసింది. ఇన్‌స్పెక్టరు తెల్లారి వచ్చిపోయాక ఇద్దామనుకున్నాను. నా పిరికితనానికి కనికరం అని పేరు పెట్టుకుని, మజ్జిగ తాగి పడుకున్నాను.

పరీక్ష

మర్నాడు పది గంటలకు ఇన్‌స్పెక్టరుగారు జట్కాలో వచ్చారు. సన్నటి మనిషి. కోటు మీద ఆలూరు దుమ్మంతా ఉంది. పటం మేకుకు ఉంది, దానికి బంతిపూల దండ ఉంది, అద్దం మీద గీత కూడా ఉంది. తలుపు దగ్గర హనుమప్ప, మరి నలుగురు రైతులు నిలబడ్డారు.

ముందు పన్నెండు మేళ్లు. పిల్లలు ఊపిరి తీసుకోకుండా, చర్చి కీర్తన రాగంలో, ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పారు. రైళ్లు, తపాలా, శాంతి, న్యాయం. పదో మేలు కాలువలు.

“కాలువ ఎక్కడుందమ్మా?” అని ఇన్‌స్పెక్టరు ముందు వరుసలోని ఈరమ్మను అడిగారు.

“పాఠంలో ఉండాది సార్.”

ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నారు. తర్వాత పటం వైపు చూపించారు. “వీరెవరు?”

ఈరమ్మ పటాన్ని పరీక్షగా చూసింది. కిరీటం, ఎర్రటి అంగీ, ఎత్తైన కుర్చీ. గోడమీది బొమ్మలో ఈ మూడూ ఉన్నవాణ్ణి ఆ పిల్ల ఒక్కణ్ణే చూసింది. ఏమాత్రం తడుముకోలేదు.

“బబులోను రాజు సార్.”

రూతమ్మ కళ్లు మూసుకుంది. నేను ముందుకు దూకాను. “అయ్యా, మా గ్రంథంలో అది చాలా గౌరవమైన పేరండి. రాజులకు రాజని, దేవుడే ఆయనకు రాజ్యం ఇచ్చాడని ఉంది.” ప్రతి మాటా నిజమే. అబద్ధాన్ని ఇంత పవిత్రంగా చెప్పడానికి ఇరవై ఏళ్ల బోధన అనుభవం కావాలి.

ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు తుడుచుకున్నారు. “ఉపదేశిగారూ, నేనూ మిషన్ హైస్కూల్లో చదివినవాణ్ణే. ఆ కథ మాకు పరీక్షకు వచ్చింది.” ఈరమ్మ వైపు తిరిగారు. “తర్వాత ఏం చేశాడమ్మా ఈ రాజు?”

“బొమ్మ నిలబెట్టినాడు సార్. వాయించినప్పుడు అందరూ మొక్కల్లన్యాడు. ముగ్గురు మొక్కలేదు.”

“వాళ్లకేమైంది?”

“నిప్పుల్లో వేసినారు సార్. కాలలేదు.”

“రాజుకు?”

“గర్వం ఎక్కువై, ఎద్దు మాదిరి గడ్డి మేసినాడు సార్. శానా ఏండ్లు.”

తలుపు దగ్గర హనుమప్ప గొణిగాడు, “మన తాలూకాకు రాకపోవడమే మంచిదాయె. ఈడ గడ్డి యాడిది, పస్తుండల్ల.”

ఎవరూ నవ్వలేదు. రైతులు మాత్రం నిజమేనన్నట్టు తలలు ఊపారు. ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు పెట్టుకున్నారు. “వందనం కానివ్వండి,” అన్నారు.

రూతమ్మ హార్మోనియం ముందు కూర్చుంది. వాద్యం వాయించడానికి ఆమెకు అభ్యంతరం లేదు. మొదటి మూడు స్వరాలు పలికాయి.

ముప్పై ఒక్క మంది పిల్లలు లేచి నిటారుగా నిలబడ్డారు. ఒక్క తల వంగలేదు. వాయించేవారు ఎలాగూ వంగరు. రైతులు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నారు. ఇన్‌స్పెక్టరుగారు రాసుకుంటున్నారు కాబట్టి ఆయన తల పుస్తకం మీదికి వంగి ఉంది, అది లెక్కలోకి రాదు.

నాకు మాత్రం నేల కనిపించింది. నా చెప్పులు కనిపించాయి. అప్పుడు తెలిసింది, నేను నడుము దాకా వంగి ఉన్నానని. ఎవరూ నాకు వంగమని చెప్పలేదు. హార్మోనియం మూడు స్వరాలు పలికింది, నా నడుము తన పని తాను చేసింది. ఆ కథను ఇరవై ఏళ్లు చెప్పి, కన్నీళ్లు తెప్పించిన బోధకుడు, ఆ గదిలో పటానికి మొక్కిన ఏకైక మనిషి.

ఇన్‌స్పెక్టరుగారు తలెత్తి పిల్లలను చూశారు, నన్ను చూశారు. కలం మళ్లీ సిరాలో ముంచి, రాస్తూనే పైకి చదివారు: “పటము వేలాడుచున్నది. వాద్యము మ్రోగినది. వందనము జరిగినది.”

పుస్తకం మూసి నాతో మెల్లగా అన్నారు, “ఎవరు చేశారన్న గడి ఈ ఫారంలో లేదండి. బడి అదృష్టం.” జట్కా ఎక్కి వెళ్లిపోయారు.

తిరుగు దారి

రూతమ్మ హార్మోనియం మీద తల పెట్టుకుని ఏడ్చింది. హనుమప్ప బండి కట్టడానికి పోయాడు. ఈరమ్మ నా ఎదుటికి వచ్చి నిలబడింది.

“అయ్యగారూ, మీరెందుకు వంగినారు?”

ఆ ప్రశ్నకు నా దగ్గర లేఖనం దొరకలేదు. “నడుము పట్టేసిందమ్మా,” అన్నాను.

ఆ పిల్ల వెంటనే మిగతావాళ్లను పిలిచింది. “ఒరేయ్, రాండ్రా. అయ్యగారికి నడుం నొప్పంట. ప్రార్థన చేద్దాం.” ముప్పై ఒక్క మంది నా చుట్టూ చేరి కళ్లు మూసుకున్నారు. నా నడుము ఇంకెన్నడూ అట్లా కాకూడదని ఈరమ్మ దేవుణ్ణి అడిగింది. పిల్లలు ఆమెన్ అన్నారు. నేను కూడా అన్నాను. అబద్ధానికి జరిగిన ప్రార్థనకు అంత గట్టిగా ఆమెన్ అనడం నా జీవితంలో అదే మొదలు.

వెళ్లే ముందు పటం ఒక పక్కకు వాలి ఉండటం గమనించాను. జేబులోని కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, చట్రానికీ గోడకూ నడుమ దూర్చాను. చక్రవర్తిగారు తిన్నగా నిలిచారు. ఆ కాగితానికి అంతకన్నా మంచి పని దొరికి ఉండేది కాదు. కడప చేరాక, వందనం జరిగిందని ఆఫీసుకు చెప్పాను. నిజమే కదా.

పోయిన నెల రూతమ్మ దగ్గరినుంచి ఉత్తరం వచ్చింది. బడి నడుస్తోంది. ఈరమ్మ ఇప్పుడు ఆమెకు తోడుగా చిన్న తరగతులకు చదువు చెబుతోంది. “పటం దించినాము అయ్యగారూ. వెనకాల ఒక కాగితం దొరికింది. చదివినాను. మీ నడుము ఎట్లుంది? ఈరమ్మ అడుగుతాండాది.”

ఆ ఉత్తరం నేను మా ఆఫీసులో నిలబడి చదివాను. అక్కడ కూడా పాత పటం దించారు. అదే మేకుకు కొత్త నాయకుడి పటం కట్టారు, కొత్త పాట వచ్చింది, కొత్త మేళ్లు అచ్చవుతున్నాయని విన్నాను. నేను చదువుతుండగానే పక్క గదిలో ఎవరో ఆ పాట నేర్చుకోవడానికి హార్మోనియం తెరిచి మొదటి మూడు స్వరాలు పలికించారు.

రూతమ్మకు ఆ సాయంత్రమే జవాబు రాశాను: “నడుము ఇంకా నయం కాలేదు. పిల్లలకు ప్రార్థన ఆపవద్దని చెప్పు.”